మేధో వైకల్యం ఉన్న విద్యార్థికి సాధారణ తరగతిలో ఎలా నేర్పాలి? – ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల చర్చ

పటమట టీచరు

సభ్యులందరికీ నమస్కారం. విజయవాడలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి పాఠాలు చెబుతున్నాను. ఈ విద్యా సంవత్సరం నా తరగతికి వచ్చిన ఒక బాబుకు మేధో వైకల్యం ఉన్నట్లు సదరం ధ్రువపత్రంలో, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో ఉంది. వయసు పదేళ్లు. రెండు మూడు పదాల వాక్యాలు మాట్లాడతాడు. తోటి పిల్లలందరి పేర్లూ తెలుసు. ఎవరు రాకపోయినా హాజరు పిలవకముందే నాకు చెబుతాడు. ఇరవై వరకు గడగడా ఒప్పజెబుతాడు కాని, ఐదు పుస్తకాలు తెమ్మంటే చేతికి ఎన్ని వస్తే అన్ని తెస్తాడు. పలక మీద అక్షరాలు దిద్దుతాడు కాని, నల్లబల్ల మీద తన పేరు రాసి చూపిస్తే అది తన పేరని గుర్తుపట్టడు.

తరగతిలో నలభై మందికి దగ్గరగా ఉన్నారు. వైకల్యం ఉన్న పిల్లలను సాధారణ బడిలోనే చదివించే సహిత విద్య కింద ప్రత్యేక ఉపాధ్యాయురాలు వారంలో ఒక పూట వస్తారు, మిగిలిన రోజులన్నీ బాబు నా బాధ్యతే. బడికి వచ్చి కూర్చుంటే చాలదా, అంతకంటే ఏం చేయగలం అని చుట్టూ ఉన్నవారు అంటున్నారు. ఆ మాట నాకు మింగుడు పడటం లేదు. ఏం నేర్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, మిగిలిన పిల్లల పాఠం ఆగకుండా ఎలా నేర్పాలి అన్న విషయాలు అనుభవం ఉన్నవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.

భవిత టీచరు, గుంటూరు

పటమట టీచరు గారూ, ఎక్కడ మొదలుపెట్టాలో మీరు రాసిన వివరాల్లోనే ఉంది. ఇరవై వరకు ఒప్పజెప్పడం ఒక నైపుణ్యం, ఐదు పుస్తకాలు లెక్కపెట్టి తేవడం పూర్తిగా వేరొక నైపుణ్యం. మొదటిది నోటికి వచ్చిన వరుస. రెండోదానిలో ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె జతచేసుకుంటూ వెళ్లి, ఆగవలసిన చోట ఆగాలి. అందువల్ల మీ బాబుకు ఇప్పుడు నేర్పవలసింది ఇరవై తర్వాతి అంకెలు కాదు. రెండు దగ్గరకు తిరిగి రండి. "రెండు చాక్‌పీసులు తే" అని అడగండి. ప్రతిసారీ రెండే తెస్తున్నాడని రూఢి అయ్యాక మూడుకు వెళ్లండి. చాక్‌పీసులతో వచ్చినది పుస్తకాలతోనూ, భోజనాల దగ్గర పళ్లేలతోనూ వస్తోందో లేదో కూడా చూడండి. ఈ పిల్లల్లో చాలామంది ఒక చోట, ఒక వస్తువుతో, ఒక మనిషి దగ్గర నేర్చుకున్నదాన్ని తమంతట తాముగా ఇంకొక చోట వాడలేరు. అలా వాడటాన్ని కూడా మనమే పాఠంగా నేర్పవలసి ఉంటుంది.

ఏం నేర్పాలో తేల్చుకోవడానికి ముందు అంచనా జరగాలి. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థను ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. పిల్లవాడికి ఏ పనులు ఎంతవరకు వచ్చో అంచనా వేయడానికి ఆ సంస్థ రూపొందించిన ఎఫ్‌ఏసీపీ అనే పట్టికను మా రంగంలో విరివిగా వాడతాము. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, చదువు, చేతిపని, వినోదం వంటి విభాగాల్లో ఒక్కొక్క అంశానికి ఎదురుగా, పిల్లవాడు దాన్ని తానే చేస్తున్నాడా, చిన్న సూచన ఇస్తే చేస్తున్నాడా, మాటతో చెబితే చేస్తున్నాడా, చేయి పట్టి చేయిస్తే చేస్తున్నాడా అని విడివిడిగా గుర్తించాలి. వీటన్నిటి కంటే నాకు విలువైనదిగా తోచేది, ఆ పని చేసే అవకాశమే అతనికి ఇంతవరకు రాలేదు అని నమోదు చేసే వీలు అందులో ఉండటం. రోజూ అమ్మే చొక్కా గుండీలు పెడుతున్న పిల్లవాడి గురించి "గుండీలు పెట్టుకోలేడు" అని రాయడం అన్యాయం. మా భవిత కేంద్రానికి (వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే సహిత విద్యా కేంద్రం) వచ్చే పిల్లల్లో "రాదు" అని తల్లిదండ్రులు చెప్పే పనుల్లో సగానికి సగం, ఎవరూ చేయనివ్వని పనులే.

ఇక నేర్పే పద్ధతి. ఏ పనినైనా చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టు నేర్పుతాము. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇచ్చే రోజున మీ బాబు పెచ్చు తానే తీసుకుంటున్నాడా? లేకపోతే మీకు మంచి పాఠం దొరికినట్లే. గుడ్డును పళ్లెం అంచుకు కొట్టడం, అరచేతి కింద పెట్టి నెమ్మదిగా దొర్లించడం, పగిలిన చోట గోటితో పొరను పట్టుకోవడం, పెద్ద పెచ్చులు తీయడం, చివరి ముక్క తీసి పక్కన పెట్టడం అని మెట్లు రాసుకోండి. తర్వాత చివరి మెట్టు నుంచి మొదలుపెట్టండి. గుడ్డు మొత్తం మీరే వొలిచి, చిటికెన గోరంత పెచ్చు మాత్రం వదిలి అతని చేతికివ్వండి. ఆ ముక్క తీయగానే గుడ్డు తినడం అతని వంతు అవుతుంది కనుక, పని పూర్తిచేసిన సంతోషం వెంటనే అందుతుంది, ప్రత్యేకంగా బహుమతి ఇవ్వవలసిన పని ఉండదు. అది వచ్చాక సగం పెచ్చు వదలండి, ఆ తర్వాత కొట్టడం మాత్రమే మీరు చేయండి. దీన్ని వెనుక నుంచి ముందుకు నేర్పడం అంటాము. గుండీలకూ, బూట్ల తాళ్లకూ, సంచి సర్దుకోవడానికీ ఇదే వర్తిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, నేను శిక్షణలో ప్రతిసారీ గట్టిగా చెప్పేది ఒకటుంది. సాయం మొదలుపెట్టే రోజునే దాన్ని ఎలా తగ్గిస్తామో రాసుకోవాలి. స్లాబు పోసే ముందే సెంట్రింగు ఎప్పుడు విప్పాలో మేస్త్రీకి తెలిసి ఉన్నట్లు, చేయి పట్టి చేయించే సాయం నుంచి మోచేతిని తాకడానికి, అక్కడి నుంచి చూపించడానికి, తర్వాత ఒక మాటకు, చివరకు మౌనంగా పక్కన నిలబడటానికి ఎప్పుడెప్పుడు మారాలో మనకు తెలిసి ఉండాలి. మొదటి రోజుల్లో ప్రశ్న అడిగిన వెంటనే మీరే జవాబు చూపించండి. అతను తప్పు చేసే అవకాశం ఇవ్వవద్దు. తర్వాత అడిగి నాలుగు సెకన్లు ఆగండి. మనసులో లెక్కపెట్టి చూడండి, తరగతిలో నాలుగు సెకన్ల నిశ్శబ్దం ఎంత పొడవుగా ఉంటుందో తెలుస్తుంది. మనం ఆగలేక జవాబు అందించే ఆ క్షణంలోనే ఈ పిల్లలు ఎదుటివారి కోసం ఎదురుచూడటం అలవాటు చేసుకుంటారు.

కొత్తపేట నాన్న

నేను ఉపాధ్యాయుడిని కాదు. మా అమ్మాయికి డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఉండే జన్యు స్థితి) ఉంది, ఇప్పుడు గుంటూరులో ఎనిమిదో తరగతి చదువుతోంది. పటమట టీచరు గారు అక్షరాల సంగతి రాశారు కనుక ఆ ఒక్క విషయంలో మా ఇంటి అనుభవం చెబుతాను.

ముందుగా చెవులు, కళ్లు పరీక్ష చేయించారో లేదో బాబు తల్లిదండ్రులను అడగండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చెవి లోపల నీరు చేరడం వల్ల వినికిడి తగ్గడం, థైరాయిడ్ లోపం, చూపు సమస్యలు తరచుగా ఉంటాయి. చెప్పింది వినడం లేదు, మొద్దుగా కూర్చుంటోంది అని మా అమ్మాయి గురించి చాలాకాలం విన్నాము. వినికిడి పరీక్ష చేయించి వైద్యం ఇప్పించాక తన పక్కన కూర్చుని చెబితే పాఠం అందుకోవడం మొదలైంది.

రెండో విషయం చదవడం గురించి. మా అమ్మాయి విన్నదాని కంటే చూసినదాన్ని బాగా గుర్తుపెట్టుకుంటుంది. ఇది డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఎక్కువగా కనిపించే లక్షణమేనని ప్రత్యేక ఉపాధ్యాయురాలు చెప్పారు. వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు అనే క్రమంలో వెళితే "అమ్మ" అన్న పదం ఎప్పటికి వస్తుంది? ద్విత్వం దాకా వెళ్లాలి. అందుకని ఆవిడ మొదట పదాలను బొమ్మలాగా మొత్తంగా గుర్తుపట్టడం నేర్పారు. అమ్మ ఫొటో, పక్కన అదే పదం రాసిన అట్ట; ముందు పదాన్ని పదంతో జత చేయడం, తర్వాత అడిగిన పదాన్ని ఎంచి ఇవ్వడం, ఆఖరున చదివి చెప్పడం. అమ్మ, నాన్న, తన పేరు, బడి, నీరు వచ్చాక ఆ పదాల్లోంచే అక్షరాలు విడదీసి చూపించారు. ఒకదానిలాగా ఇంకొకటి కనిపించే అక్షరాలను, అంటే వ – మ, ప – ష, ర – ఠ వంటివాటిని ఒకే వారంలో నేర్పవద్దని కూడా చెప్పారు. ఒకటి బాగా స్థిరపడ్డాకే రెండోది మొదలుపెట్టేవారు.

మీ బాబు తన పేరు గుర్తుపట్టడం లేదన్నారు. వాడి సంచి మీద, పళ్లెం కింద, కూర్చునే బల్ల మీద పేరు అంటించి, రోజూ వాటిని వెతుక్కునే అవసరం కల్పించి చూడండి.

తెనాలి మాస్టారు

ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాడిని. పై రెండు లేఖలూ శ్రద్ధగా చదివాను. చెప్పిన పద్ధతులపై నాకు అభ్యంతరం లేదు. వాటిని అమలు చేయవలసిన మనిషి ఎవరన్నదే నా సందేహం. నలభై మంది ఉన్న గదిలో ఒక టీచరు ఒక పిల్లవాడి చేయి పట్టి పని చేయిస్తుంటే మిగిలిన వారి చదువు ఏమవుతుంది? నాలుగో తరగతిలో భాగహారం రాని పిల్లలు ఆ గదిలోనే సగం మంది ఉంటారు. ప్రత్యేక పాఠశాలల్లో శిక్షణ పొందినవారు ఉంటారు, తక్కువ మంది పిల్లలు ఉంటారు, తగిన సామగ్రి ఉంటుంది. బాబు మేలు కోరేవారు అక్కడికి పంపడం గురించి కూడా నిజాయితీగా ఆలోచించాలని నా అభిప్రాయం. టీచరు గారి మీద మోయలేని బరువు పెట్టి, మోయలేకపోతే ఆమెనే తప్పుపట్టే పరిస్థితి రాకూడదు.

గవర్నర్‌పేట న్యాయవాది

మాస్టారు లేవనెత్తిన ప్రశ్న న్యాయమైనదే. అయితే ఎంపిక ఎవరిదో చట్టం స్పష్టంగా చెప్పింది కనుక ఆ భాగం మాత్రం రాస్తాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం, 40 శాతం అంతకు మించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత విద్య పొందే హక్కు ఉంది. దాన్ని దగ్గరలోని పాఠశాలలో పొందాలా, ప్రత్యేక పాఠశాలలో పొందాలా అన్నది పిల్లల ఎంపిక. అంటే ప్రత్యేక పాఠశాల ఒక అవకాశమే తప్ప, సాధారణ పాఠశాల వారిని అక్కడికి నెట్టడానికి అది దారి కాదు. 17వ సెక్షన్‌లో పాఠ్యాంశాలనూ పరీక్షలనూ తగినట్లు మార్చాలని, అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి ఇవ్వాలని ఉంది. విద్యా హక్కు చట్టానికి 2012లో జరిగిన సవరణ, తీవ్ర వైకల్యం ఉన్నవారు ఇంటి వద్దనే విద్య పొందడాన్ని కూడా అనుమతించింది.

టీచర్ల కొరత గురించి మాస్టారు చెప్పిన మాటను సుప్రీంకోర్టే పట్టించుకుంది. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న ఇచ్చిన తీర్పులో, ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒకరు, ఆపై స్థాయిలో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని పేర్కొంది. బడి యాజమాన్య కమిటీ తీర్మానం చేసి అధికారులకు పంపేటప్పుడు ఈ తీర్పును ప్రస్తావించవచ్చు. ఒక తరగతి టీచరు ఒంటరిగా అడిగే దానికంటే ఆ తీర్మానానికి బలం ఎక్కువ.

భవిత టీచరు, గుంటూరు

మాస్టారూ, గంటసేపు పక్కన కూర్చుని నేర్పమని నేను అనడం లేదు. తరగతి పాఠం అదే, అందులో బాబు లక్ష్యం వేరు. ఈ పద్ధతిలో టీచరు పాఠం ఆపవలసిన అవసరం చాలా తక్కువ. భాగహారం చెప్పే రోజున మిగిలిన పిల్లలు పన్నెండు గింజలను మూడు కుప్పలుగా పంచి, తర్వాత అంకెలతో లెక్క చేస్తారు. ఆ గింజలు పంచి పెట్టే పని బాబుదే. ఒక్కో జట్టుకు మూడేసి చొప్పున నాలుగుసార్లు లెక్కపెట్టి ఇవ్వడం అతని గణిత పాఠం. తెలుగు పాఠంలో మిగిలినవారు పేరా చదువుతుంటే, అదే పేరాలో తనకు తెలిసిన "బడి", "నీరు" వంటి పదాలు ఎక్కడ ఉన్నాయో వెతికి గీత గీస్తాడు. హాజరు పిలవకముందే రానివారి పేర్లు చెబుతాడని టీచరు గారు రాశారు. పిల్లల పేర్ల అట్టలు గోడకు తగిలించి, రాని పిల్లల అట్టలు తీసి పెట్టెలో వేసే బాధ్యత అతనికి ఇస్తే, ఉన్న బలం మీదనే చదవడం మొదలవుతుంది. దీనికి టీచరు సమయం అదనంగా పట్టదు.

చేయి పట్టి నేర్పవలసిన పనులకు రోజులో ఐదేసి నిమిషాల చిన్న వ్యవధులు చాలు. ప్రార్థన తర్వాత కొంచెం, భోజనం ముందు చేతులు కడిగేటప్పుడు కొంచెం, బడి వదిలేటప్పుడు సంచి సర్దుకునేటప్పుడు కొంచెం. ఒకేసారి ముప్పై నిమిషాలు కూర్చోబెట్టి నేర్పిన దానికంటే ఇలా విడతలుగా, పని నిజంగా అవసరమైన సమయంలో నేర్పినది ఎక్కువకాలం నిలుస్తుంది.

పటమట టీచరు

అందరికీ కృతజ్ఞతలు. పేర్ల అట్టల పని మొదలుపెట్టాను. బాబు చాలా గర్వంగా చేస్తున్నాడు, అయితే ప్రస్తుతం అట్ట మీది ఫొటో చూసి గుర్తుపడుతున్నాడే తప్ప అక్షరాలు చూసి కాదు.

ఇంకొక ఇబ్బంది ఉంది. లెక్కల సమయం మొదలు కాగానే పలక నేలకేసి కొడుతున్నాడు, పక్కవారి పుస్తకాలు లాగుతున్నాడు. మిగిలిన పిల్లలకు దెబ్బ తగులుతుందేమోనని బయట వరండాలో కూర్చోబెడుతున్నాము. కాసేపటికి శాంతిస్తాడు కాని మర్నాడు మళ్లీ అదే జరుగుతోంది. మూడు రోజుల్లోనే మరీ ఎక్కువైంది.

మనస్తత్వ నిపుణురాలు, లబ్బీపేట

టీచరు గారూ, ఆ ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, అతను ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది అని ఒక వారం పాటు మూడు వరుసల్లో రాయండి. మీరు చెప్పిన వివరాలను బట్టి మాత్రం ఒక అనుమానం బలంగా కలుగుతోంది. ముందు లెక్కలు మొదలవుతున్నాయి, పలక విసురుతున్నాడు, తర్వాత లెక్కలు తప్పి వరండాలో ప్రశాంతత దొరుకుతోంది. మీరు శిక్ష అనుకుంటున్నది అతనికి కావలసిన ఫలితం. అందుకే తగ్గకపోగా పెరుగుతోంది.

పిల్లల కష్టమైన ప్రవర్తన వెనుక సాధారణంగా నాలుగు అవసరాల్లో ఏదో ఒకటి ఉంటుంది: ఎవరైనా పట్టించుకోవాలని, కావలసిన వస్తువు దొరకాలని, కష్టమైన పని తప్పించుకోవాలని, శరీరానికి హాయిగా ఉందని. మాట సరిగా లేని పిల్లలకు పలక విసరడమే మాట. "నాకు ఇది రావడం లేదు, కాసేపు ఆపండి" అని చెప్పడానికి వేరొక మార్గం నేర్పకుండా విసరడం మాన్పించలేము. అరచేయంత అట్ట మీద చేయి అడ్డంగా చూపే బొమ్మ గీసి బల్ల మీద పెట్టండి. లెక్కల మొదట్లోనే, అతను కోపం తెచ్చుకోకముందే, ఆ అట్టను మీ చేతికి ఇప్పించి, వెంటనే రెండు నిమిషాలు మంచినీళ్లు తాగి రావడానికి పంపండి. అట్ట ఇస్తే విశ్రాంతి, పలక విసిరితే విశ్రాంతి లేదు అన్నది ప్రతిసారీ ఒకేలా జరగాలి. మొదట్లో విసరడం కొంత పెరగవచ్చు. ఆ సమయంలో పలక బదులు కాగితం ఇవ్వండి, పక్కవారిని కొంచెం దూరంగా కూర్చోబెట్టండి. వీటితో పాటు, ఇచ్చే లెక్క అతని స్థాయికి తగినదేనా అని కూడా చూసుకోవాలి. తరగతి మొత్తానికి ఇచ్చిన భాగహారమే అతనికీ ఇస్తే, విసరడంలో ఆశ్చర్యం లేదు. ఈ ప్రవర్తన కొత్తగా మొదలైతే చెవి నొప్పి, పంటి నొప్పి, నిద్రలేమి, మూర్ఛ వంటి కారణాలు ఉన్నాయేమో వైద్యుడికి చూపించడం మరచిపోవద్దు.

ధ్రువపత్రం గురించి కూడా ఒక మాట చెప్పాలి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం మేధో వైకల్యం స్వల్పమైతే 50 శాతం, మధ్యస్థమైతే 75 శాతం, తీవ్రమైతే 90 శాతం అని రాస్తారు. 75 అని ఉన్న ధ్రువపత్రం చూసి, ఈ పిల్లవాడు నేర్చుకోగలిగింది 25 శాతమే అని లెక్క వేసేవారిని నేను చాలామందిని చూశాను. ఆ అంకె పింఛను, రాయితీల వంటి ప్రయోజనాలకు అర్హత తేల్చడానికి ఉద్దేశించినది. ఏం నేర్పాలో, ఎంత నేర్చుకుంటాడో అది చెప్పదు.

బ్రాడీపేట అమ్మ

నా కూతురికి ఇప్పుడు ఇరవై దాటింది. మధ్యస్థ స్థాయి మేధో వైకల్యం. చిన్న పిల్లల తల్లిదండ్రులూ టీచర్లూ ఈ చర్చ చదువుతారు కనుక, పెద్దయ్యాక ఏ చదువు పనికొచ్చిందో చెప్పడం అవసరమనిపించింది. మా అమ్మాయి పదేళ్లపాటు నోటు పుస్తకాల్లో కూడికలు చేసింది. దుకాణంలో వాటిలో ఒక్కటీ ఆమెకు అక్కరకు రాలేదు. తర్వాత ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు నేర్పిన ఒకే ఒక పద్ధతి మాత్రం రోజూ ఉపయోగపడుతోంది. ధర ముప్పై ఏడు అని విన్నప్పుడు "ముప్పై" అన్న మాట పట్టుకుని మూడు పది రూపాయల నోట్లు పెట్టి, దాని మీద ఇంకొక పది పెట్టి ఇస్తుంది, మిగిలిన చిల్లర కోసం చేయి చాచి నిలబడుతుంది. కూడిక రాకపోయినా కొనడం వచ్చింది. దీన్ని పుస్తకంలో బొమ్మ నోట్లతో కాక, నిజమైన నోట్లతో, నిజమైన దుకాణంలోనే నేర్పారు. మా వీధి కిరాణా కొట్టు ఆయనను ముందుగానే కలిసి, రద్దీ లేని మధ్యాహ్నం పూట వెళ్లేవాళ్లం. ఆయన ఓపిక మరువలేనిది.

ఇప్పుడు దుకాణాల్లో చాలామంది ఫోనుతో చెల్లిస్తున్నారు కనుక అది కూడా నేర్పాలా అని చాలామంది తల్లులు అడుగుతున్నారు. నా ఉద్దేశంలో నోట్ల వాడకం ముందు రావాలి, ఎందుకంటే చేతిలో ఉన్నది తరిగిపోవడం కంటికి కనిపిస్తుంది. ఫోను నేర్పితే, కొద్ది మొత్తం మాత్రమే ఉండే ప్రత్యేక ఖాతా ఒకటి తెరిచి, రహస్య సంఖ్య ఎవరికీ చెప్పకూడదన్న విషయాన్ని విడిగా, మళ్లీ మళ్లీ, అడిగేవాళ్లను మార్చి మార్చి నేర్పండి. మా అమ్మాయి అపరిచితులకు చెప్పదు కాని, నవ్వుతూ అడిగిన తెలిసినవారికి చెప్పేస్తుంది. ఆ తేడా మీద ఇంకా పని చేస్తున్నాము.

బస్సు ప్రయాణం కూడా ఇలాగే నేర్చుకుంది. గుంటూరు బస్టాండు నుంచి మంగళగిరిలో వాళ్ల పిన్ని ఇంటికి వెళ్లాలి. బోర్డు మీద "మంగళగిరి" అన్న పదాన్ని గుర్తుపట్టడం ఒక మెట్టు; విజయవాడ నాన్‌స్టాప్ బస్సు ఎక్కకూడదు, అది మధ్యలో ఆగదు అని తెలియడం ఇంకొక మెట్టు. 2025 ఆగస్టు 15న మహిళలకు బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే స్త్రీశక్తి పథకం వచ్చాక టికెట్టు డబ్బులు ఇచ్చే మెట్టు పోయి, ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు అడిగి తీసుకునే మెట్టు కొత్తగా చేరింది. డబ్బులు ఇవ్వడం అలవాటైన అమ్మాయి చేత కార్డు చూపించడం నేర్పించడానికి, మొదటి నుంచి నేర్పినంత శ్రమ పట్టింది. మొదట నేను పక్కన కూర్చునేదాన్ని, తర్వాత వెనుక సీట్లో, ఆ తర్వాత వెనుక వచ్చే బస్సులో వెళ్లేదాన్ని. ఇప్పుడు పిన్ని అవతల బస్టాపులో ఉంటుంది, నేను ఇవతల ఉంటాను.

పద్దెనిమిది నిండిన తర్వాత తల్లిదండ్రులు చట్టప్రకారం తమంతట తామే సంరక్షకులుగా కొనసాగరన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అదే ట్రస్టు వారి నిరామయ బీమా కింద లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు రక్షణ ఉంటుంది.

తెనాలి మాస్టారు

అమ్మా, మీ లేఖ రెండుసార్లు చదివాను. టీచర్ల కొరత గురించి నేను రాసినదానికి కట్టుబడే ఉన్నాను. న్యాయవాది గారు చెప్పినట్లు కమిటీ తీర్మానం తప్పకుండా చేయించాలి. అది ఫలించేలోగా తరగతిలో చేయదగినది ఒకటి నా అనుభవం నుంచి చెబుతాను. తోటి పిల్లల సాయం తీసుకోండి, కాని ఏడాది పొడవునా ఒకే పిల్లవాడికి ఆ బాధ్యత అప్పగించవద్దు. వారానికి ఒకరు చొప్పున మార్చండి. సాయం చేయడం అంటే ఏమిటో వారికి ముందుగా నేర్పండి: "నువ్వు రాసిపెట్టకూడదు, సంచి నువ్వు సర్దకూడదు, ఎక్కడ ఉందో చూపించి ఆగాలి." పిల్లలు సహజంగా దయగలవారు, ఆ దయతోనే అవతలి వాడి పని అంతా చేసిపెడతారు. ఇలా వంతులు మార్చిన తరగతుల్లో ఎగతాళి తగ్గడం, ఆటల్లో కూడా ఆ పిల్లవాడిని కలుపుకోవడం నేను గమనించాను.

పటమట టీచరు

మాస్టారూ, అమ్మా, మీ ఇద్దరికీ ప్రత్యేక నమస్కారాలు. విశ్రాంతి అట్ట వాడుతున్నాము. బాబు దాన్ని రోజుకు ఎన్నోసార్లు ఇస్తున్నాడు, కాని పలక విసరడం బాగా తగ్గింది. వచ్చే వారం బాబు తల్లిదండ్రులతో, భవిత కేంద్రం నుంచి వచ్చే టీచరుతో కలిసి వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలని నిర్ణయించాము. అందులో లక్ష్యాలు ఎలా రాయాలో ఒకటి రెండు ఉదాహరణలతో చెప్పగలరా?

భవిత టీచరు, గుంటూరు

అట్ట ఎక్కువసార్లు ఇవ్వడం మంచిదే, ఇప్పుడే అడ్డు చెప్పవద్దు. అది మాటగా స్థిరపడ్డాక, ఒక లెక్క పూర్తి చేసి ఇవ్వమనండి, తర్వాత రెండు.

లక్ష్యం రాసేటప్పుడు "అంకెలు నేర్చుకుంటాడు", "స్వతంత్రంగా ఉంటాడు" వంటి మాటలు రాయవద్దు. వాటిని ఎవరూ కొలవలేరు. ఎక్కడ, దేనితో, ఎంత సాయంతో, ఎన్నిసార్లకు ఎన్నిసార్లు అన్నది ఉండాలి. "భోజనాల సమయంలో ఎవరూ చెప్పకుండానే, తన జట్టుకు నాలుగు పళ్లేలు లెక్కపెట్టి తెస్తాడు, వరుసగా ఐదు రోజుల్లో నాలుగు రోజులు సరిగా తేవాలి." "ఫొటో లేని పది పేర్ల అట్టల్లోంచి తన పేరు అట్టను తానే తీస్తాడు." ఫొటో చూసి గుర్తుపడుతున్నాడని మీరు రాశారు కనుక, ఫొటోను ఒక్కసారిగా తీసేయకండి. దాని మీద పలుచని కాగితం అంటించి మసకబార్చండి, తర్వాత చిన్నది చేయండి, అదే సమయంలో పేరును పెద్ద అక్షరాలతో రాయండి. మూడు నెలలకు మూడు నాలుగు లక్ష్యాల కంటే ఎక్కువ పెట్టుకోవద్దు, వాటిలో కనీసం ఒకటి ఇంట్లో అమ్మానాన్నలు చేయించేదై ఉండాలి.

నమోదుకు పెద్ద పుస్తకం అక్కర్లేదు. గోడ మీది క్యాలెండరులో ఆ రోజు గడిలో తానే చేస్తే ఒక గుర్తు, మాటతో చేస్తే ఇంకొక గుర్తు, చేయి పట్టి చేయిస్తే వేరొక గుర్తు పెట్టండి. రెండు వారాలు ఒకే గుర్తు కొనసాగితే, లక్ష్యం పెద్దదైందని గ్రహించి మెట్టును ఇంకా చిన్నది చేయండి. సమావేశంలో బాబును కూడా కూర్చోబెట్టి, తనకు ఏ పని చేయాలని ఉందో ముందు అతనినే అడగండి. ఎఫ్‌ఏసీపీ పట్టికలో అతని వయసుకు తగిన భాగాన్ని మీ భవిత కేంద్రం టీచరును ముందురోజే తెమ్మని చెప్పండి. అమ్మానాన్నలు ఇంటి పనుల భాగాన్ని ఇంట్లోనే తీరిగ్గా నింపి తెస్తే సమావేశంలో సమయం కలిసివస్తుంది.